పాత కారులో పాడైన ఏసీ: విప్పడానికి ముందు, విప్పిన తర్వాత

మా బీర్పూర్ నుంచి జగిత్యాల పోయే తొవ్వలో ఒక గంట నిలబడితే 15, 20 ఏళ్లు దాటిన చిన్న కార్లు ఇంకా కనిపిస్తాయి. కొన్ని గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. కొన్ని ఇంట్లోనే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వచ్చినవి. వాటిలో చాలా బండ్లకు ఏసీ బటన్ ఉంటది, ఏసీ ఉండదు. బటన్ నొక్కితే చిన్న లైటు వెలుగుతది, వేడి గాలి వస్తది. అప్పుడు షెడ్డు దగ్గర వినిపించే సలహా ఒక్కటే: "మొత్తం తీసి పారేయ్ అన్నా, బండి తేలికైతది, మైలేజ్ పెరుగుతది."

ఈ సలహాలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఏది ఎంత అని తేల్చుకోవడానికే ఈ వ్యాసం. కథలు, కవితలు చదువుదామని మన మ్యాగజైన్ తెరిచినవాళ్లకు ఇది కొంచెం గ్రీజు వాసన కొట్టొచ్చు. ఓపిక పట్టండి.

ల్యాబ్‌లో ఒక ఫంక్షన్ డిలీట్ చేసే ముందు దాన్ని ఇంకెవరు కాల్ చేస్తున్నారో వెతుకుతాం కదా. కారు ఏసీ కూడా అంతే. అది బెల్టుతో ఇంజన్‌కి, వైర్లతో బ్యాటరీకి, పైపులతో క్యాబిన్‌కి, ఫ్యాన్‌తో రేడియేటర్‌కి కట్టుబడి ఉంటది. విప్పడం తేలికే. విప్పిన ప్రతి చోటా ఒక ఖాళీ మిగులుతది. ఆ ఖాళీలను ఎలా మూయాలో ముందే తెలిస్తేనే పానా పట్టుకోవాలి.

సీఎస్‌ఈ వాడికి కారుతో ఏం పని అని మెకానికల్ మిత్రులు నవ్వుకోవచ్చు. మా పెద్దబాపు పాత కారు ఏసీని ఈ సెలవుల్లో తీయించాం. పక్కనే ఉండి చూసినవి, మెకానిక్ అన్న చెప్పినవి, తర్వాత చదివి తెలుసుకున్నవి అన్నీ కలిపి రాస్తున్నా.

1. రంజన్ సూత్రమే, కాకపోతే మూసిన పైపుల్లో

ఎండాకాలం రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టి గోడలోంచి బయటికి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతది. కారు ఏసీ పని కూడా ఇదే. తేడా ఏంటంటే, ఇక్కడ ఆవిరైనదాన్ని బయటికి వదిలేయకుండా పట్టుకొని, మళ్లీ ద్రవంగా మార్చి తిప్పుతూ ఉంటారు.

ఇప్పుడు తిరుగుతున్న పాత కార్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ పేరు ఆర్-134ఎ. మామూలు గాలి ఒత్తిడిలో ఇది సున్నాకు 26 డిగ్రీల కిందనే మరిగిపోతది. డ్యాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్‌లో ఇది మరిగి, క్యాబిన్‌లోని వేడిని లాక్కుంటది. అక్కడి నుంచి కంప్రెసర్ దాన్ని పీల్చి గట్టిగా అదుముతది. రేడియేటర్ ముందు ఉండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి, గ్యాస్ మళ్లీ ద్రవమైతది. దారిలో ఒక చిన్న డబ్బా ఉంటది, దాన్ని డ్రయ్యర్ అంటారు. అది తేమను, చెత్తను పట్టుకుంటది. చివరికి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని దారి గుండా పోతూ ఒత్తిడి తగ్గి, మళ్లీ కాయిల్‌లోకి వస్తది.

కాబట్టి తీయాల్సిన సామాను ఇది: కంప్రెసర్, కండెన్సర్, డ్రయ్యర్, వాల్వ్, కాయిల్, పైపులు, కొన్ని వైర్లు. వీటితోపాటు కంటికి కనపడనిది ఇంకోటుంది, అదే గ్యాస్. దాని గురించి విడిగా చెప్పుకుందాం.

2. పాడైందంటే ఏది పాడైంది?

తీసేద్దాం అనే ముందు ఈ ప్రశ్న అడగాలి. చల్లగాలి రాకపోవడం జ్వరం లాంటిది, రోగం వేరే ఉంటది. ఫ్యూజ్ పోయినా, రిలే పోయినా, కంప్రెసర్ ముందుండే అయస్కాంత క్లచ్‌కి కరెంటు అందకపోయినా ఏసీ ఆగిపోతది. ఇవి చిన్న రిపేర్లు. ఏదో ఒక జాయింట్ దగ్గర రబ్బరు రింగ్ ఎండిపోయి గ్యాస్ కారిపోవడం మధ్య రకం. జాయింట్ల దగ్గర నూనె మరకకు దుమ్ము అంటుకొని నల్లగా కనిపిస్తే అక్కడే లీక్ ఉందని అనుమానించొచ్చు, ఎందుకంటే గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతది. కూలింగ్ కాయిల్ చిల్లు పడటం, కంప్రెసర్ లోపల అరిగి ఇనుప రజను పైపులన్నిటికీ పోవడం పెద్ద రకం. అప్పుడు ఒక్క భాగం మారిస్తే సరిపోదు. డ్రయ్యర్, వాల్వ్ కూడా మార్చి పైపులు కడగాలి. పాత కారు ధరతో పోలిస్తే ఈ ఖర్చు బరువే.

మా పెద్దబాపు బండిలో రెండు పెద్ద రోగాలూ ఉన్నాయి. కాయిల్ లీక్, పైగా కంప్రెసర్ పుల్లీ బేరింగ్ అరిగి గరగర చప్పుడు. అందుకే తీసేయాలన్న మాట వచ్చింది. ఫ్యూజ్ పోయిన బండికి ఈ వ్యాసం అవసరం లేదు, కొత్త ఫ్యూజ్ చాలు.

3. మైలేజ్ నిజంగా పెరుగుతదా?

మారుతి 800ను ఉదాహరణగా తీసుకుందాం. 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైన ఈ కారు ఇంజన్ 796 సీసీ, శక్తి దాదాపు 37 హార్స్‌పవర్. ఇంత చిన్న ఇంజన్ మీద కంప్రెసర్ తిరగడం మొదలుపెడితే ఆ బరువు డ్రైవర్ కాలికి తెలుస్తది. లారీని ఓవర్‌టేక్ చేసే ముందు ఏసీ ఆఫ్ చేసే అలవాటు మన పెద్దలందరికీ ఉంది. ఆ అనుభవం నుంచే "ఏసీ తీస్తే మైలేజ్" అనే నమ్మకం పుట్టింది.

కానీ ఏసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు అయస్కాంత క్లచ్ విడిపోయి ఉంటది. బెల్టు తిప్పేది పుల్లీని ఒక్కదాన్నే, కంప్రెసర్ లోపలి భాగాలు కదలవు. పాడైన ఏసీ ఎట్లాగూ ఆఫ్‌లోనే ఉంది. అంటే దాన్ని తీసేయడం వల్ల మిగిలేది ఆ సామాను బరువు మాత్రమే. పక్క సీట్లో ఒక చిన్న పిల్లవాడు దిగిపోయినంత. మైలేజ్‌లో ఆ తేడా పట్టుకోవడం కష్టం.

తీసేయడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. ఒకటి, పుల్లీ బేరింగ్ అరిగిపోతే అది ఎప్పుడో ఒకప్పుడు బిగుసుకుపోయి బెల్టును తెంపుతది. ఆల్టర్నేటర్, వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద నడిచే కారైతే, బెల్టు తెగిన కొద్ది నిమిషాలకే ఇంజన్ వేడెక్కిపోతది. రెండు, కండెన్సర్ రెక్కల మధ్య ఏళ్ల తరబడి దుమ్ము, పురుగులు నిండి, వెనక ఉన్న రేడియేటర్‌కు గాలి అందదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే మా జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. మూడు, రిపేర్ పనులకు చెయ్యి పట్టేంత జాగా దొరుకుతది. ఈ మూడింటిలో ఒక్కటీ మీ బండికి వర్తించకపోతే, తీయకుండా వదిలేయడమే మంచిది.

4. మూడు మెట్లు

అందుకే ఒకేసారి డిలీట్ దాకా పోవద్దు. మొదటి మెట్టు, ఏసీ ఫ్యూజ్ లేదా రిలే తీసి పక్కన పెట్టడం. ఇక బటన్ నొక్కినా క్లచ్ పట్టదు. రెండో మెట్టు, కంప్రెసర్‌కు విడిగా బెల్టు ఉన్న కార్లలో ఆ ఒక్క బెల్టు తీసేయడం. అరిగిన పుల్లీ తిరగదు, చప్పుడు పోతది, గ్యాస్ ఎక్కడున్నది అక్కడే ఉంటది. మన భాషలో ఇది కోడ్‌ను కామెంట్ చేయడం. రేపు డబ్బులుంటే మళ్లీ పెట్టుకోవచ్చు. మూడో మెట్టు, మొత్తం విప్పడం.

చాలామందికి రెండో మెట్టు సరిపోతది. ఒకే పొడుగు బెల్టు అన్నిటినీ చుట్టి వచ్చే కార్లలో మాత్రం రెండో మెట్టు కుదరదు. కంప్రెసర్ జాగాలో ఉత్త పుల్లీ ఒకటి బిగించాలి, లేదా ఆ కారు ఏసీ లేని మోడల్‌కి వాడే బెల్టు, దాని దారి తెలుసుకొని వేయాలి.

ఇక్కడ ఒక కిటుకు. పాత కార్లలో చాలావాటికి ఏసీ ఉన్న మోడల్, ఏసీ లేని మోడల్ అని రెండూ వచ్చేవి. ఏసీ లేని మోడల్ మనకు రెడీమేడ్ నమూనా. బెల్టు ఎంత పొడుగు, గాలి గొట్టం ఏ ఆకారం, ఏ రంధ్రానికి ఏ రబ్బరు మూత, అన్నిటికీ జవాబు అందులోనే ఉంది. కంపెనీ ఇంజనీర్లు ఎప్పుడో ఆలోచించి పెట్టినదాన్ని మనం మళ్లీ కనిపెట్టే పని లేదు. పని మొదలుపెట్టే ముందు అలాంటి బండి ఒకటి వెతికి, బానెట్ ఎత్తి పది ఫోటోలు తీసుకోండి.

5. కనపడని సామాను: గ్యాస్

"ఏసీ చల్లగ వస్తలేదు, అంటే గ్యాస్ అయిపోయింది, నట్టు విప్పేద్దాం." ఈ మాటలో రెండు తప్పులున్నాయి.

మొదటిది, చల్లగా రానంత మాత్రాన గ్యాస్ లేనట్టు కాదు. క్లచ్ పాడైన బండిలో గ్యాస్ నిండుగా ఉండొచ్చు. కొంత కారిపోయిన బండిలో కూడా ఒత్తిడి తగ్గకపోవచ్చు. వంటింట్లో సిలిండర్‌ను గుర్తు తెచ్చుకోండి. నిండుగా ఉన్నప్పుడు మంట ఎట్లా ఉంటదో, దాదాపు ఖాళీ అయ్యేదాకా అట్లాగే ఉంటది. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే, ఎంత మిగిలిందన్నది కాదు. కారు టైరులో గాలి 30 పీఎస్‌ఐ దగ్గర పెట్టిస్తాం. ఆగి ఉన్న కారులో, 40 డిగ్రీల ఎండలో, ఆర్-134ఎ ఒత్తిడి 130 పీఎస్‌ఐ దాటుతది. ఆ ఒత్తిడిలో నట్టు విప్పితే బయటికి చిమ్మే ద్రవం తగిలిన చోటల్లా మరిగిపోతూ చర్మాన్ని గడ్డకట్టిస్తది. కంట్లో పడితే చూపు పోవచ్చు. దగ్గర్లో బీడీ గానీ గ్యాస్ వెల్డింగ్ గానీ ఉంటే, మంట తగిలిన గ్యాస్ నుంచి విష వాయువులు పుడతాయి. మూసిన గదిలో అయితే గాలిని పక్కకు నెట్టేసి ఊపిరాడకుండా చేస్తది.

రెండో తప్పు, గాల్లోకి పోతే పోనీ అనుకోవడం. 1 కిలో ఆర్-134ఎ వందేళ్ల లెక్కలో సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడి చేస్తదని అంచనా. చిన్న కారులో అర కిలో గ్యాస్ ఉందనుకుందాం. అంటే 715 కిలోలు. 1 లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కిలోలు. భాగిస్తే దాదాపు 310 లీటర్లు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ పెట్రోలుతో 5,000 కిలోమీటర్ల దాకా పోతది. ఏడాదంతా బండి నడిపి పొగ వదిలినంత పని ఒక్క నట్టు విప్పిన నిమిషంలో అయిపోతదన్నమాట.

1990ల నాటి కారైతే ఇంకా జాగ్రత్త. అందులో ఆర్-12 అనే పాత గ్యాస్ ఉండొచ్చు. అది భూమిని వేడి చేయడమే కాదు, ఓజోన్ పొరను తింటది. మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1974లోనే ఈ ప్రమాదాన్ని చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడటం బయటపడింది. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశం అందులో చేరింది. ఆర్-12 బదులు వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు గానీ వేడి సమస్య మిగిలింది. దాన్ని కూడా తగ్గించాలని 2016 అక్టోబర్ 15న రువాండాలోని కిగాలిలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మా జగిత్యాల జిల్లా పుట్టిన నాలుగు రోజులకే. 2021లో భారత్ దాన్ని ఆమోదించింది. 2047 నాటికి ఇలాంటి గ్యాసుల వాడకాన్ని 85 శాతం తగ్గించడం మన దేశం ఒప్పుకున్న లక్ష్యం. అంత పెద్ద లెక్కలో మన షెడ్డు కూడా ఒక చిన్న అంకె.

మరి ఏం చేయాలి? గ్యాస్‌ను వెనక్కి లాగి సిలిండర్‌లో నింపే రికవరీ మెషిన్ ఉంటది. ప్రతి షెడ్డులో ఉండదు. జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో కారు ఏసీ పని చేసే వర్క్‌షాప్‌కు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "గ్యాస్ వెనక్కి లాగే మెషిన్ ఉందా అన్నా?" ఉందంటే విప్పే పనికి ముందు బండిని అక్కడికి తీసుకుపోండి. లేదంటే ఇంకో చోట అడగండి. గ్యాస్ లాగాక వెంటనే పైపులు విప్పొద్దు. కొన్ని నిమిషాలు ఆగి మీటరు మళ్లీ చూడాలి. నూనెలో కలిసిన గ్యాస్ మెల్లగా బయటికి వచ్చి ముల్లు పైకి లేస్తే, ఇంకోసారి లాగాలి.

ఏ గ్యాసో తెలియకపోతే బానెట్ కింద స్టిక్కర్ చూడండి. గ్యాస్ నింపే మూతులు కూడా చెప్తాయి. ఆర్-12కి మరలు తిప్పే రకం, ఆర్-134ఎకి నొక్కితే పట్టుకునే రకం. ఎవరు ఎప్పుడు ఏం నింపారో తెలియని బండైతే ఆ మాట వర్క్‌షాప్‌లో ముందే చెప్పాలి.

6. విప్పే వరుస

1. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. చదును నేల, హ్యాండ్‌బ్రేక్, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీయాలి.

2. ప్రతి కనెక్టర్‌కు, ప్రతి పైపుకు ఫోటో తీసి, టేపు మీద పేరు రాసి అంటించాలి. ఈ పని మాత్రం సీఎస్‌ఈ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

3. బెల్టు వదులు చేసి తీయాలి. కంప్రెసర్ క్లచ్ కనెక్టర్ ఊడదీయాలి.

4. పైపులు విప్పేటప్పుడు రెండు పానాలు వాడాలి. ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఇంకోటి తిప్పడానికి. ఒక్క పానాతో బలం పెడితే అల్యూమినియం పైపు మెలి తిరిగి చీలుతది. మెకానిక్ అన్న నాకు చూపించిన మొదటి పాఠం ఇదే.

5. విప్పిన ప్రతి మూతికి వెంటనే ప్లాస్టిక్ కవరు కట్టాలి. నూనె కారదు, సామాను అమ్ముకోవాలన్నా తేమ పోదు.

6. కంప్రెసర్ బోల్టులు తీసేటప్పుడు కింద ఒకరు పట్టుకోవాలి. చూడటానికి చిన్నదే గానీ బరువుంటది.

7. కండెన్సర్ తీసేటప్పుడు రేడియేటర్‌కు ముందు ఒక అట్ట అడ్డం పెట్టాలి. రేడియేటర్ రెక్కలు వంగినా, చిల్లు పడినా అసలుకే మోసం.

8. కాయిల్ కోసం గ్లవ్ బాక్స్, కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు కూడా విప్పాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఈ పని సొంతంగా చేయొద్దు. ఇంకోటి, క్యాబిన్‌లోకి పోయే లావు రబ్బరు పైపులు రెండు హీటర్‌వి, వాటిలో ఇంజన్ వేడినీళ్లు తిరుగుతాయి. ఏసీవి లోహపు పైపులు. తేడా చూసుకున్నాకే పానా పెట్టాలి.

కంప్రెసర్‌లో సుమారు ఒక టీ గ్లాసు నూనె ఉంటది. దాన్ని ఇంజన్ పాత నూనెతో కలపకుండా విడిగా డబ్బాలో పోసి, పాత నూనె కొనేవాళ్లకు ఇవ్వాలి. మాది రోళ్లవాగు పారే ఊరు. మోరీలో పోసింది ఏదైనా చివరికి వాగులోకే చేరుతది.

7. మిగిలిన ఖాళీలు

సామాను బయటికి వచ్చింది, అందరూ చాయ్ తాగుతున్నారు. అసలు పని ఇప్పుడు మొదలు. ఒక్కో ఖాళీని లెక్క పెట్టుకుంటూ మూయాలి.

రేకు గోడలో రంధ్రాలు. ఇంజన్‌కి, క్యాబిన్‌కి మధ్య ఉండే రేకు గోడలోంచి ఏసీ పైపులు, నీళ్లు కారే చిన్న గొట్టం పోతాయి. అవి తీశాక రంధ్రాలు తెరుచుకుంటాయి. వానకు నీళ్లు, రాత్రికి ఎలుకలు రావడం ఒక ఎత్తు. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసుకొని పోయే బండిలోకి అది వస్తే నిద్ర మత్తులా మొదలై ప్రాణం మీదికి వస్తది. బట్ట పేలిక కుక్కి వదిలేయడం పనికిరాదు. సైజుకు సరిపోయే రబ్బరు మూత పెట్టి, చుట్టూ వేడికి తట్టుకునే సీలెంట్ రాయాలి.

గాలి దారి. చాలా పాత కార్లలో కాయిల్ డబ్బా బ్లోయర్‌కి, హీటర్‌కి మధ్యన ఉంటది. డబ్బా తీసేస్తే గాలి దారి తెగిపోతది. బ్లోయర్ తిరుగుతది గానీ గాలి డ్యాష్‌బోర్డు లోపలే పోతది. ఏసీ లేని మోడల్‌కి వచ్చే ఉత్త గొట్టం అక్కడ పెట్టాలి. అది దొరకకపోతే డబ్బాలోంచి కాయిల్ మాత్రం తీసేసి, ఖాళీ డబ్బాను మళ్లీ బిగించడం సులువైన మార్గం. మా బండికి ఇదే చేశారు.

వాక్యూమ్ పైపు. ఏసీ వేసినప్పుడు ఇంజన్ ఆగిపోకుండా ఐడిల్ వేగం పెంచే ఏర్పాటు ఉంటది. కార్బ్యురేటర్ బండ్లలో దానికి సన్నని రబ్బరు పైపు ఒకటి పోతది. దాని మూతి తెరిచి వదిలేస్తే ఇంజన్ అదనంగా గాలి పీల్చి, ట్రాఫిక్‌లో వణుకుతది. చిన్న రబ్బరు టోపీ చాలు.

ఫ్యాన్. కొన్ని కార్లలో కండెన్సర్‌కు వేరే ఫ్యాన్ ఉంటది, కొన్నింటిలో రేడియేటర్ ఫ్యానే రెండింటికీ పనిచేస్తది. ఏసీ రిలేలు పీకే ముందు రేడియేటర్ ఫ్యాన్ ఏ రిలే మీద నడుస్తుందో చూసుకోవాలి.

వైర్లు. కత్తిరించొద్దు. కనెక్టర్లకు టేపు చుట్టి, అసలు కట్టకే కట్టేయాలి. వేలాడే వైరు వేడి ఇంజన్‌కు తగిలితే పొర కరిగి షార్ట్ అయితది.

బెల్టు. కొత్త దారిలో వేసిన బెల్టును రెండు పుల్లీల మధ్యన బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దాకా దిగాలి. మరీ వదులైతే జారుతది, మరీ బిగువైతే ఆల్టర్నేటర్ బేరింగ్ తింటది.

8. లోపల కూర్చునేవాళ్లకు ఏం పోతది?

ఈ లెక్క షెడ్డులో ఎవరూ వేయరు. మా పెద్దమ్మను నెలకోసారి కరీంనగర్ ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఏసీ తీసేద్దామా అన్న మాట వచ్చినప్పుడు పెద్దబాపు, మెకానిక్ అన్న ఇద్దరూ ఖర్చు గురించే మాట్లాడుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "ఎనుక అద్దం దిగుతలేదు గదరా, ముందు గది చెయ్యిపియ్యరా?"

ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఏసీ బండిలో వెనక అద్దాలు దించే అవసరం రాదు, కాబట్టి ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోతాయి. ఏసీ తీసేసిన రోజు నుంచి ఆ అద్దాలే ఏసీ. అందుకని అద్దం తిప్పే యంత్రం బాగు చేయించడం ఈ పనిలో భాగమే. నాలుగు అద్దాలూ పూర్తిగా దిగాలి, ఎక్కాలి. ప్రయాణ సమయం కూడా మార్చుకున్నారు. ఎండాకాలం ఆస్పత్రి రోజున తెల్లవారుజామునే బయలుదేరి, తిరుగు ప్రయాణం సాయంత్రం దాకా ఆపుతున్నారు. ఇంట్లో ముసలివాళ్లు, చంటిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉండి, మధ్యాహ్నమే తిరగక తప్పదంటే, ఖర్చైనా సరే ఏసీని బాగు చేయించడమే మేలు. ఈ నిర్ణయంలో స్టీరింగ్ పట్టుకునేవాళ్లకంటే వెనక సీట్లో కూర్చునేవాళ్ల మాటకే విలువ ఎక్కువ ఉండాలి.

వానాకాలం ఇంకో లెక్క. ఏసీ గాలిని చల్లబరుస్తూనే అందులోని తేమను కాయిల్ మీద నీటి చుక్కలుగా పట్టేస్తది. అందుకే ముందు అద్దం మీద ఆవిరి పడితే ఏసీ వేయగానే పోతది. ఏసీ లేని బండిలో వాన పడుతుంటే నలుగురి ఊపిరి తేమ చల్లటి అద్దం మీద పేరుకుంటది. రాత్రి పూట, ఎదురు లైట్ల మధ్య, అది నిజంగా ప్రమాదం. దీనికి విరుగుడు హీటర్. గాలిని ముందు అద్దం వైపు తిప్పి, బయటి గాలి తీసుకునే స్థానంలో పెట్టి, వేడిని కొంచెం పెంచి, పక్క అద్దాలు ఒక వేలు దించాలి. కాబట్టి ఏసీ తీసే పనిలో హీటర్ పైపులను బంద్ చేయించొద్దు. మా ఎండల్లో హీటర్ ఎందుకని కొందరు దాన్ని కూడా తీయిస్తారు. జూలై వానలో దాని విలువ తెలుస్తది.

9. టెస్టింగ్, ఒక కాగితం

అన్నీ బిగించాక బ్యాటరీ తీగ పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. బ్యాటరీ లైటు ఆరిపోవాలి, ఆరకపోతే ఆల్టర్నేటర్ బెల్టు చూడాలి. ఐడిల్ వణకకూడదు. రేడియేటర్ ఫ్యాన్ దానంతట అది వచ్చి, మళ్లీ ఆగేదాకా బండిని నిలబెట్టి వేడి ముల్లును చూడండి. బ్లోయర్ అన్ని వేగాల్లో గాలి ఇవ్వాలి. బానెట్ ఎత్తి రేకు గోడ మీద మగ్గుతో నీళ్లు పోసి, లోపల కాళ్ల దగ్గర తడి ఉందా చూడండి. తర్వాత దగ్గర్లో ఒక పది కిలోమీటర్లు తిప్పి, మళ్లీ బెల్టు నొక్కి చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక మన చెయ్యి పడ్డ బోల్టులన్నీ ఇంకోసారి బిగించాలి.

చివరిగా ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఏ తేదీన ఏ భాగాలు తీశారు, ఏ రంధ్రాలు ఎక్కడ మూశారు, ఏ కనెక్టర్లకు టేపు చుట్టారు, ఏ సైజు బెల్టు వేశారు, గ్యాస్ ఎక్కడ లాగించారు అని రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గ్లవ్ బాక్స్‌లో ఉంచండి. పాత కార్లు చేతులు మారుతూనే ఉంటాయి. రేపు ఆ బండి కొన్న మనిషి ఏదో పొద్దుగూకిన వేళ ధర్మపురి తొవ్వలో ఆగిపోతే, బానెట్ ఎత్తిన మెకానిక్‌కి ఆ కాగితం అరగంట వెతుకులాట తప్పిస్తది.